ఏ గ్రంథం ప్రమాణం?

ఒక ఫంక్షన్ ఉంది అంటే ఎవరి మాట మీద ఉంది? సీ భాషలో ప్రోగ్రాం రాసేవారు ఫైలు తెరవడానికి ఒక ఫంక్షన్‌ను, కొత్త ప్రాసెస్‌ను పుట్టించడానికి ఇంకొకదాన్ని, తప్పు జరిగిందని చెప్పడానికి మరొకదాన్ని పిలుస్తారు. పిలిచినవన్నీ తమ యంత్రం మీద పలుకుతాయి. ఆ యంత్రం తన ఇష్టం కొద్దీ పలికిందా, లేక పలకక తప్పని నియమం ఉందా, ఉంటే ఏ గ్రంథంలో ఉంది అన్నది వేరే సంగతి. ఒక్క యంత్రంతో పని ముగిసేవారికి ఈ విచారణ అక్కరలేదు. రాసిన కోడ్ లినక్స్ మీదా, మ్యాక్ మీదా, ఫ్రీబీఎస్‌డీ మీదా, ఇంకా పుట్టని వ్యవస్థ మీదా నడవాలనుకునేవారు దీన్ని తప్పించుకోలేరు. భారతీయ దర్శనాలు శతాబ్దాల తరబడి నలిపిన ప్రశ్న కూడా ఇదే. ఒక విధి ఉందని ఎలా తెలుస్తుంది? కంటితో చూస్తే తెలుస్తుందా, ఊహిస్తే తెలుస్తుందా, ఎవరైనా చెబితేనే తెలుస్తుందా? చెబితేనే అయితే, ఆ చెప్పినవారిని ఎందుకు నమ్మాలి?

ముందుగా తోచే జవాబు ప్రత్యక్షం. రాసి చూడడం, నడిపి చూడడం, నడిస్తే ఉన్నట్టే అనుకోవడం. వేదవిధులను విచారించే మీమాంసా దర్శనానికి సూత్రాలు రాసిన జైమిని నాలుగో సూత్రంలోనే ఈ దారి మూసేశాడు. ఇంద్రియాలు ఎదుట ఉన్న వస్తువునే పట్టుకుంటాయి. ధర్మమంటే ఇకమీద చేయవలసిన పనికి సంబంధించినది. కనుక కళ్లతో దాన్ని తెలుసుకోవడం కుదరదన్నది ఆయన వాదం. శబరస్వామి తన భాష్యంలో దీన్ని విప్పి చెప్పాడు. యజ్ఞాల సందర్భంలో పుట్టిన ఈ మాట కంపైలర్ ముందు కూర్చున్నవారికి కూడా వర్తిస్తుంది. పరీక్ష నెగ్గిందంటే ఈ యంత్రం, ఈ లైబ్రరీ, ఈ పూట ఇలా చేసిందని మాత్రమే అర్థం. రేపు వచ్చే లైబ్రరీ కూడా ఇలాగే చేసి తీరాలన్న మాట ఆ పరీక్షలో ఎక్కడా ఉండదు.

2010 చివర్లో వచ్చిన ఫెడోరా 14 అనే లినక్స్ పంపిణీని వాడినవారికి ఇది అనుభవంలోకి వచ్చింది. మెమరీలో ఒకచోటి బైట్లను మరోచోటికి చేర్చే ఫంక్షన్ మెమ్‌కాపీ. తీసే చోటు, పెట్టే చోటు ఒకదాని మీదికి మరొకటి వస్తే ఏం జరిగేదీ నిర్వచించడం లేదని సీ ప్రమాణం మొదటినుంచీ చెబుతోంది. అలాంటి పనికి మెమ్‌మూవ్ అనే వేరే ఫంక్షన్ ఉంది. అయితే లినక్స్‌లో వాడే గ్లిబ్‌సీ లైబ్రరీ అప్పటిదాకా బైట్లను మొదటినుంచి చివరికి మోస్తూ వచ్చింది. అందువల్ల కొన్ని సందర్భాల్లో తప్పుగా పిలిచినా ఫలితం సరిగ్గానే వచ్చేది. వేగం కోసం కొన్ని ప్రాసెసర్ల మీద చివరినుంచి మొదటికి మోసేలా లైబ్రరీ మారింది. అంతే, బ్రౌజర్‌లో నడిచే అడోబీ ఫ్లాష్‌లో పాటలు గరగరలాడాయి. ఫ్లాష్ రాసినవారు ఏళ్ల తరబడి మెమ్‌కాపీని నిషిద్ధమైన తీరులో పిలిచారు, ఏళ్ల తరబడి అది పనిచేసింది. లినక్స్ కర్నెల్ కర్త లైనస్ టోర్వాల్డ్స్ వాడుకరుల పక్షాన నిలిచి, నడుస్తున్నదాన్ని చెడగొట్టడం తగదని వాదించాడు. ప్రమాణంలో ఉన్నదే తాము చేశామన్నది లైబ్రరీ వైపు వాదన. చివరికి గ్లిబ్‌సీ 2.14లో రాజీ కుదిరింది. పాత ప్రోగ్రాములకు పాత నడవడి, కొత్తగా కట్టినవాటికి కొత్త నడవడి. వాడుకరి పాట ఆగిపోకూడదన్న పట్టుదల మెచ్చుకోదగినదే. కానీ ఫ్లాష్‌ను రాసినవారికి అన్నేళ్లపాటు ఉన్నది ప్రత్యక్షం ఒక్కటే, దాని వెనక ఏ హామీ లేదు.

ప్రత్యక్షం ఎక్కడిదాకా సరిపోతుందో, ఎక్కడ చాలదో నిజామాబాద్ జిల్లా పసుపు బేరంలో దగ్గరగా చూడవచ్చు. పోచంపాడు ఆనకట్ట ఉన్న మెండోర మండలంలోనూ ఆర్మూరు చుట్టుపక్కలా పండిన పసుపును ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకు తెస్తారు. కొనేవాడు కుప్పలో చెయ్యిపెట్టి ఒక కొమ్ము తీసి విరుస్తాడు. విరిగిన చోటి రంగు, విరిగినప్పటి చప్పుడు, వేళ్లకు తగిలే తడి చూసుకుంటే ఆ బేరానికి సరిపోతుంది. సరుకు, రైతు, వ్యాపారి ముగ్గురూ ఒక్కచోటే ఉన్నారు మరి. 2016 ఏప్రిల్ 14న దేశంలో ఈ-నామ్ మొదలయ్యాక ఆన్‌లైన్ బేరం వచ్చింది. సాంగ్లీలోనో ఈరోడ్‌లోనో కూర్చున్నవాడు తెర మీద ధర పెట్టాలంటే విరిచిన కొమ్ము అతని చేతికి అందదు. తేమ ఎంత, ముక్కలు ఎన్ని, కొమ్ములో గోళ ఎంత కలిసింది అన్నవి అంకెల్లోకి రావాలి. అప్పుడు ఏ కాగితం చూడాలన్న పేచీ వస్తుంది. 1937 చట్టం కింద అగ్‌మార్క్ గ్రేడ్లు ఉన్నాయి. భారత ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 3576 ఉంది. కొమ్ముల్లో తేమ 12 శాతం దాటకూడదనే ఆహార భద్రత నిబంధన ఉంది. ఎగుమతి మాట వస్తే ఐఎస్ఓ 5562 ఉంది. ఒకే కొమ్ముకు ఇన్ని గ్రంథాలు. వీటిలో ఏది కట్టుబాటన్నది ఎవరికి అమ్ముతున్నామన్నదాన్ని బట్టి తేలుతుంది. కంటికి కనబడని మనిషితో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చినప్పుడే రాతకు పని పడుతుంది. ఎన్నడూ చూడని యంత్రం మీద నడవవలసిన కోడ్‌ది కూడా ఇదే స్థితి.

కాబట్టి శబ్దం కావాలి, అంటే అందరూ చదివి ఒప్పుకున్న మాట. ఆ మాట ఒక్కటిగా లేకపోవడం వల్లే అసలు చిక్కు వచ్చింది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యునిక్స్ పదిహేనేళ్లు తిరిగేసరికి శాఖోపశాఖలైంది. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బీఎస్‌డీ పెరిగింది, ఏటీ అండ్ టీలో సిస్టమ్ ఫైవ్ పెరిగింది, ప్రతి యంత్రాల కంపెనీ తన సొంత పాఠాంతరం తయారుచేసుకుంది. 1984లో యూజర్ గ్రూప్ అనే వాడుకరుల సంఘం ఒక ప్రమాణం ప్రకటించింది. 1985లో ఏటీ అండ్ టీ తన సిస్టమ్ ఫైవ్‌కు నిర్వచన గ్రంథం వేసింది. యూరప్ కంపెనీలు ఎక్స్-ఓపెన్ పేరుతో పోర్టబిలిటీ గైడ్లు తెచ్చాయి. 1988లో ఐఈఈఈ సంస్థ 1003.1 సంఖ్యతో ఇచ్చిన గ్రంథమే పోసిక్స్. ఆ పేరు సూచించినవాడు రిచర్డ్ స్టాల్‌మన్. ఆ మరుసటి ఏడాదే సీ భాషకు అమెరికా జాతీయ ప్రమాణం వచ్చింది, 1990లో అది ఐఎస్ఓ ప్రమాణమైంది. ఇంటర్‌ఫేసులను లెక్కపెట్టి 1170 అని తేల్చి, ఆ అంకెనే పేరుగా పెట్టుకున్న స్పెక్ 1170 నుంచి సింగిల్ యునిక్స్ స్పెసిఫికేషన్ పుట్టింది. 1998లో టెక్సస్‌లోని ఆస్టిన్ నగరంలో మొదలైన ఆస్టిన్ గ్రూప్ ఈ పాయలను కలిపింది. 2001 నుంచి పోసిక్స్, సింగిల్ యునిక్స్ స్పెసిఫికేషన్ ఒకే పాఠంగా వస్తున్నాయి. ఆ తర్వాతి పెద్ద కూర్పులు 2008లో, 2024లో వచ్చాయి.

ఇన్ని గ్రంథాలున్నప్పుడు ఒక ఫంక్షన్ ఎక్కడిదో తేల్చడానికి మీమాంసకులకు పరిచయమైన వరుసే పనికొస్తుంది. వారి లెక్కలో మొదటిది శ్రుతి, తర్వాత స్మృతి, ఆ తర్వాత శిష్టుల ఆచారం. శ్రుతికి విరుద్ధంగా స్మృతి పలికితే స్మృతిని పక్కన పెట్టాలి. విరోధం లేకపోతే స్మృతికీ విలువ ఉంటుంది. ఇందుకు శబరుడిచ్చిన ఉదాహరణ మేడికొమ్మతో నాటిన యజ్ఞస్తంభం. దాన్ని తాకి పాడాలని శ్రుతి చెబుతోంది, మొత్తం బట్టతో చుట్టేయాలని ఒక స్మృతి చెబుతోంది. మొత్తం చుట్టేస్తే స్తంభం చేతికి తగలదు, కాబట్టి ఆ స్మృతి నిలవదు. తర్వాతి మీమాంసకుడు కుమారిలభట్టు ఇంత తొందరగా స్మృతిని తోసేయడానికి ఇష్టపడక రెండింటికీ పొత్తు కుదిర్చే దారులు వెతికాడు.

సీ భాషకూ పోసిక్స్‌కూ ఉన్న సంబంధం ఈ అధికరణాన్ని, అంటే ఈ చర్చను, చదివి రాసుకున్నట్టే ఉంటుంది. ఐఎస్ఓ సీలో ఉన్న ఫంక్షన్‌ను పోసిక్స్ వర్ణించే ప్రతి పుటలోనూ ముందుగా ఒక మాట ఉంటుంది. ఈ వివరణకూ ఐఎస్ఓ సీకీ ఎక్కడైనా పొసగకపోతే అది కావాలని చేసింది కాదని, అక్కడ ఐఎస్ఓ సీదే పైచేయి అని. సీ చెప్పనిదాన్ని తాను కలిపిన చోట పోసిక్స్ ఆ వాక్యాలకు నీడరంగు వేసి, పక్కన సీఎక్స్ అనే గుర్తు పెడుతుంది. సింగిల్ యునిక్స్ స్పెసిఫికేషన్ మాత్రమే కోరేవాటికి ఎక్స్ఎస్ఐ అనీ, పాతబడి తొలగింపుకు దగ్గరైనవాటికి ఓబీ అనీ గుర్తులు ఉంటాయి. విరోధం లేకుండా బిగించడానికి మంచి ఉదాహరణ బైటు. బైటులో కనీసం 8 బిట్లు ఉండాలంటుంది సీ. సరిగ్గా 8 ఉండాలంటుంది పోసిక్స్. రెండో మాటను పాటిస్తే మొదటిదాన్ని కూడా పాటించినట్టే. కనుక ఇక్కడ స్మృతి నిలుస్తుంది. అయితే బైటుకు 8 బిట్లేనని నమ్మి రాసిన కోడ్ ఇక సీ మీద కాక పోసిక్స్ మీద ఆధారపడినట్టే, ఆ సంగతి రాసినవారికి తెలిసి ఉండాలి.

వెతికే పద్ధతి కూడా ఈ వరుసలోనే నడుస్తుంది. లినక్స్ మాన్యువల్‌లో ప్రతి ఫంక్షన్ పుట చివర ప్రమాణాల శీర్షిక ఒకటి ఉంటుంది. సీ, పోసిక్స్, గ్లిబ్‌సీ వెనకున్న జీఎన్‌యూ, బీఎస్‌డీ వంటి పేర్లు అక్కడే కనిపిస్తాయి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. అది తొందరపాటు. మాన్యువల్ పుట ఎవరో చదివి గుర్తుపెట్టుకుని రాసినది, స్మృతి వంటిది. దాని విలువ అది చూపే మూలాన్ని బట్టి ఉంటుంది, కొన్నిసార్లు అది పొరబడుతుంది కూడా. పోసిక్స్ మూలపాఠాన్నే లినక్స్‌లో 3పీ అనే విభాగం కింద చదవవచ్చు. అక్కడ ఫంక్షన్ దొరికితే పోసిక్స్ గ్రంథంలో దాని పక్కన గుర్తు ఉందో లేదో చూడాలి. ఐఎస్ఓ సీలోనూ ఉన్న ఫంక్షన్ పుటలో సీఎక్స్ గుర్తు లేని వాక్యమైతే ఐఎస్ఓ సీ తెరవాలి. ఎక్కడా దొరకకపోతే అది ఆ లైబ్రరీ సొంత ఆచారం.

గ్రంథం తేలాక ఆ సంగతి ప్రోగ్రాం తలపైనే చెప్పాలి. కృష్ణయజుర్వేదానికి చెందిన తెలుగు కుటుంబాల్లో ప్రవర చెప్పుకునేటప్పుడు గోత్రంతోపాటు ఆపస్తంబ సూత్రమనీ యజుశ్శాఖ అనీ చెప్పుకుంటారు, దాంతో ఇక జరగబోయే కర్మ ఏ పద్ధతిలో నడవాలో పురోహితుడికి తెలిసిపోతుంది. సోర్స్ ఫైలు మొదటి పంక్తుల్లో, హెడర్ల కంటే ముందు రాసే ఫీచర్ టెస్ట్ మ్యాక్రో చేసేది ఈ పనే. పోసిక్స్ సీ సోర్స్ అనే మ్యాక్రోకు 200809 అని విలువ ఇస్తే 2008 సెప్టెంబరు కూర్పు ప్రకారం అని అర్థం. 202405 అంటే 2024 మే. ఏ గ్రంథం ప్రకారం రాస్తున్నామో చెబితే హెడర్లు ఆ గ్రంథంలోని పేర్లనే బయటపెడతాయి. జీఎన్‌యూ సోర్స్ అని ప్రకటిస్తే దాదాపు అన్నీ బయటికి వస్తాయి, ఏది ఎక్కడిదో తెలియని స్థితి మళ్లీ మొదటికొస్తుంది.

ఈ ప్రకటనలో అశ్రద్ధ ఎంత దూరం వెళుతుందో స్ట్రెరర్ ఆర్ అనే చిన్న ఫంక్షన్ చూపిస్తుంది. తప్పు సంఖ్య ఇస్తే దాన్ని మాటల్లో చెప్పడం దాని పని. పోసిక్స్ ప్రకారం అది ఒక పూర్ణసంఖ్యను తిరిగి ఇస్తుంది, సందేశాన్ని మనమిచ్చిన చోట రాస్తుంది. జీఎన్‌యూ ప్రకారం అది సందేశం ఉన్న చిరునామానే తిరిగి ఇస్తుంది, మనమిచ్చిన చోటును ముట్టకపోవచ్చు కూడా. పేరు ఒక్కటే, ఒప్పందాలు రెండు. గ్లిబ్‌సీలో ఏది వస్తుందన్నది పైన పెట్టిన మ్యాక్రోను బట్టి ఉంటుంది. ముసల్ అనే లైబ్రరీలో పోసిక్స్ రూపం ఒక్కటే ఉంది. గ్లిబ్‌సీ మీద జీఎన్‌యూ రూపానికి అలవాటుపడి రాసిన కోడ్‌ను ముసల్ వాడే ఆల్పైన్ లినక్స్ మీదకు తెస్తే, ఒక చిన్న పూర్ణసంఖ్యను చిరునామా అనుకుని చదవబోయి ప్రోగ్రాం కూలిపోవచ్చు. అది కూడా ఎప్పుడు? ఏదో తప్పు జరిగి, దాన్ని వాడుకరికి చెప్పాల్సిన క్షణంలో.

తెలుగులో సాఫ్ట్‌వేర్ కోరుకునేవారికి ఈ విచారణ మరో దారిలో తగులుతుంది. పదింటిలో మూడో పుట అన్న సమాచారాన్ని ఇంగ్లీషు సందేశం ముందు మూడు, తర్వాత పది అన్న వరుసలో చెబుతుంది. తెలుగులో 10 పేజీల్లో 3వది అనాలి, అంకెల వరుస తిరగబడుతుంది. సందేశాన్ని అచ్చువేసే ప్రింట్ఎఫ్ ఫంక్షన్‌కు అంకెలు అందేది ప్రోగ్రాం రాసినవారు పెట్టిన వరుసలో. అనువాదకులు కోడ్‌ను ముట్టలేరు, సందేశాన్ని మాత్రమే మార్చగలరు. శాతం గుర్తు తర్వాత 2 వేసి డాలరు గుర్తు పెడితే రెండో విలువ ఇక్కడికి రావాలని చెప్పినట్టు. దాంతో తెలుగు వాక్యం తెలుగులా కుదురుతుంది. మరి ఈ వసతి ఎవరి మాట మీద ఉంది? ఐఎస్ఓ సీ ప్రింట్ఎఫ్‌లో ఇది లేదు. పోసిక్స్‌లో సీఎక్స్ గుర్తు కింద ఉంది. మైక్రోసాఫ్ట్ లైబ్రరీలోని మామూలు ప్రింట్ఎఫ్ దీన్ని గుర్తించదు, దానికి వేరే ఫంక్షన్ పెట్టారు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ వంటి సంస్థలూ ఇతర స్వచ్ఛంద అనువాదకులూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చిన కృషి వెనక ఇలాంటి ఒక నీడరంగు వాక్యం నిలబడి ఉంది. అది పోసిక్స్‌లోకి ఎక్కి ఉండకపోతే, సహజమైన తెలుగు వాక్యం ఒక లైబ్రరీ దయ మీద ఆధారపడేది.

గ్రంథమే రెండు మాటలు చెప్పే చోట్లు కూడా ఉన్నాయి. అతిరాత్ర యాగంలో షోడశి పాత్రను తీసుకోవాలని ఒక వాక్యం, తీసుకోకూడదని మరో వాక్యం ఉన్నాయి. రెండూ శ్రుతే, దేన్నీ తోసేయలేరు. అందుకని మీమాంసకులు వికల్పం ఒప్పుకున్నారు, ఇష్టంతో కాదు. వికల్పానికి ఎనిమిది దోషాలు లెక్కగట్టి, మరో గతి లేనప్పుడే దాన్ని పట్టాలన్నారు. సీ భాషలోనూ ఇలాంటి చోటు ఉంది, మెమరీ ఇచ్చే ఫంక్షన్ మాలక్‌ను సున్నా బైట్లు అడిగితే శూన్య చిరునామా రావచ్చు, వాడకూడని చిరునామా ఒకటి రావచ్చు. ఏది ఇచ్చేదీ లైబ్రరీ చెప్పుకోవాలి. కొందరు దీన్ని ప్రమాణం లోపంగా చూస్తారు. గ్రంథం రాసేనాటికే రెండు ఆచారాలూ పాతుకుపోయి ఉంటే, ఒకదాన్ని చంపకుండా రెండింటినీ ఒప్పుకోవడం నిజాయితీ గల పనే. పోర్టబుల్ కోడ్ రాసేవారి బాధ్యత ఇక్కడ స్పష్టం. శూన్య చిరునామా వచ్చిందంటే మెమరీ అయిపోయినట్టేనని అనుకోకుండా, రెండు ఫలితాల్లో ఏది వచ్చినా చెడని విధంగా రాయాలి.

ఆచారం ఎప్పుడు విధి అవుతుందన్న ప్రశ్నకు మీమాంసలో హోలాకాధికరణం ఉంది. తూర్పు దేశంవారు వసంతంలో హోలాక జరుపుతారు, దక్షిణాదివారికీ ఉత్తరాదివారికీ వేరే ఆచారాలున్నాయి. ఇవి ఆయా దేశాలవారికి మాత్రమేనా, అందరికీనా? ఆచారం వెనక ఒక శ్రుతి ఉందని ఊహిస్తే, ఆ శ్రుతికి దేశం హద్దు పెట్టడానికి ఆధారం లేదు, కాబట్టి అందరికీ అన్నది సిద్ధాంతం. ప్రోగ్రామింగ్ లోకం దీన్ని ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే మంచిదైంది. అక్కడ ప్రాంతీయ ఆచారం ప్రాంతీయంగానే మొదలై, గ్రంథంలోకి ఎక్కాకే అందరిదీ అవుతుంది. 1998లో ఓపెన్‌బీఎస్‌డీలో టాడ్ మిల్లర్, థియో డి రాట్ తెచ్చిన స్ట్రింగ్ కాపీ ఫంక్షన్ స్ట్రెల్‌కాపీని బీఎస్‌డీ శాఖలన్నీ తీసుకున్నాయి. గ్లిబ్‌సీ మాత్రం ఒప్పుకోలేదు. పట్టనంత పొడవైన మాటను చడీచప్పుడు లేకుండా కత్తిరించడం కొత్త పొరపాట్లకు తావిస్తుందని దాని అభ్యంతరం. అది పోసిక్స్‌లోకి రాబోతోందని తేలాక, 2023 ఆగస్టులో గ్లిబ్‌సీ 2.38 దాన్ని చేర్చుకుంది. 2024 పోసిక్స్‌లో అది అధికారికమైంది. పాతికేళ్లు పట్టింది. స్ట్రింగ్‌కు నకలు తీసే స్ట్రెడప్ కథ ఇంకా పొడవు. అందరూ వాడుతున్నా, పోసిక్స్‌లో ఉన్నా, సీ భాష గ్రంథంలోకి సీ23 కూర్పుతో మాత్రమే వచ్చింది.

గ్రంథంలోకి ఎక్కడం అందరికీ లాభమే కానక్కరలేదు. గెట్‌లైన్ అనే పేరు జీఎన్‌యూ ఆచారంగా ఉండి, 2008లో పోసిక్స్‌లోకి వచ్చింది. ఆ పేరును గ్లిబ్‌సీ హెడర్లు మామూలుగానే బయటపెట్టడం మొదలుపెట్టగానే అనేక పాత ప్రోగ్రాములు కంపైల్ కాకుండా ఆగిపోయాయి. కెర్నిగన్, రిచీల సీ పుస్తకంలో అదే పేరుతో ఒక ఫంక్షన్ ఉంది, దాన్ని చూసి నేర్చుకున్న తరాలు తమ కోడ్‌లో సొంత గెట్‌లైన్ రాసుకున్నాయి. వారు ఏ నియమమూ తప్పలేదు. ఏ కూర్పును అనుసరిస్తున్నారో మ్యాక్రోతో చెప్పుకున్నవారు మాత్రం బయటపడ్డారు.

గ్రంథం నుంచి తొలగించడమూ జరుగుతుంది. మీమాంసకుల దృష్టిలో వేదం అపౌరుషేయం, కర్త లేడు కనుక కర్త దోషాలూ లేవు. దానిలో ఒక వాక్యాన్ని కొట్టేయడం అనూహ్యం. సీ గ్రంథం అలాంటిది కాదు. ఇన్‌పుట్ పంక్తిని చదివే గెట్స్ అనే ఫంక్షన్‌కు ఎంత చోటు ఉందో తెలుసుకునే దారే లేదు, వచ్చినదంతా కుక్కుతుంది. 1988లో ఇంటర్నెట్‌ను స్తంభింపజేసిన మోరిస్ వర్మ్ ఫింగర్ సర్వర్‌లోని గెట్స్ పిలుపు ద్వారానే కొన్ని యంత్రాల్లో చొరబడింది. అయినా ఆ మరుసటి ఏడాది సీ ప్రమాణంలో గెట్స్‌కు చోటు దక్కింది. సీ11 దాన్ని తీసేసింది, పోసిక్స్ 2008లో పాతబడినదని గుర్తుపెట్టి 2024లో తొలగించింది. మనుషులు రాసిన గ్రంథం తప్పు చేయగలదు, దిద్దుకోనూ గలదు.

అందుకని ప్రమాణాల విషయంలో మీమాంస కంటే న్యాయ దర్శనం ఎక్కువ దారి చూపుతుంది. వరుస, విరోధం, వికల్పం ఎలా తేల్చుకోవాలో మీమాంస నేర్పుతుంది. మాటను ఎందుకు నమ్మాలో న్యాయం చెబుతుంది. తర్కసంగ్రహం రాసిన తెలుగువాడు అన్నంభట్టు క్లుప్తంగా చెప్పిన న్యాయమతం ప్రకారం ఆప్తుడి వాక్యమే శబ్ద ప్రమాణం, ఉన్నదున్నట్టు చెప్పేవాడే ఆప్తుడు. ఆప్తత్వం ఎలా తెలుస్తుంది? న్యాయసూత్రాలు ఆయుర్వేదాన్ని చూపుతాయి. పరీక్షకు లొంగే చోట చెప్పింది నిజమైతే, లొంగని చోట కూడా ఆ వక్తను నమ్మవచ్చు. ధర్మకీర్తి వంటి బౌద్ధులు ఇంత దూరం రారు. మాట చెప్పేవాడి ఉద్దేశాన్నే తెలుపుతుంది, వస్తువును కాదు అంటారు వారు. కమిటీ ఏమనుకుందో ప్రమాణం చెబుతుంది, యంత్రం ఏం చేస్తుందో చెప్పదు అనేవారు ఈ పక్షంలో ఉన్నట్టే. వారికి జవాబు పరీక్షల్లోనే దొరుకుతుంది. ఓపెన్ గ్రూప్ అనే సంస్థ, పరీక్షల సముదాయాన్ని నెగ్గినవారికే యునిక్స్ పేరు వాడుకునే ధ్రువపత్రం ఇస్తుంది. 2007లో వచ్చిన మ్యాక్ ఓఎస్ లెపర్డ్ దాన్ని పొందింది. లినక్స్ పంపిణీల్లో చాలావాటికి అది లేదు, అయినా అవి ఆ గ్రంథాన్నే కొలబద్దగా పెట్టుకుని నడుస్తాయి. ఇక్కడ ప్రత్యక్షం తన చోటు తిరిగి సంపాదించుకుంటుంది. నియమాన్ని పుట్టించడానికి అది చాలదు గాని, చెప్పిన నియమం యంత్రంలో ఉందో లేదో చూడడానికి అదే కావాలి.

నమ్మకానికి మరో షరతు ఉంది, మాట అందరి చెవినా పడాలి. యజ్ఞకర్మకు, దానికి కావలసిన వేదాధ్యయనానికి ఎవరు అర్హులన్న ప్రశ్న మీద మీమాంసా సూత్రాల్లోనే బాదరి అన్ని వర్ణాలకూ అధికారం ఉందన్నాడు, జైమిని ఒప్పుకోలేదు. నెగ్గినది జైమిని మాటే. దాని వల్ల ఎందరు ఎన్ని తరాలు తలుపు బయట నిలబడ్డారో తెలిసినవారు ప్రమాణ గ్రంథాల ధరను చిన్న సంగతిగా తీసుకోలేరు. ఐఎస్ఓ సీ తుది ప్రతిని డబ్బు పెట్టి కొనాలి. చివరి ముసాయిదాలు ఉచితంగా దొరకడం వల్లే లోకం నెట్టుకొస్తోంది. ఓపెన్ గ్రూప్ పోసిక్స్ పాఠాన్ని ఉచితంగా చదవనిస్తుంది. ఆస్టిన్ గ్రూప్‌లో చేరడానికి రుసుము లేదు, లోపం కనిపిస్తే ఎవరైనా ఎత్తి చూపవచ్చు. మెండోరలో ఫోన్ మీద సీ నేర్చుకునే విద్యార్థికీ కాలిఫోర్నియాలో కర్నెల్ రాసేవారికీ ఒకే పాఠం అందుతుంది. బాదరి పక్షం ఇక్కడైనా నిలబడింది, సీ విషయంలోనూ నిలబడాలి.

ఎంత వెతికినా గ్రంథం మౌనంగా ఉండే చోట్లు మిగులుతాయి. ఆపస్తంబ ధర్మసూత్రం చివర్లో, ఇక్కడ చెప్పని ధర్మాలను స్త్రీల నుంచీ అన్ని వర్ణాలవారి నుంచీ తెలుసుకోవాలని కొందరి మతం అని ఉంది. పోసిక్స్ కూడా తాను చెప్పని చోట్లను నిర్వచించనివనీ, పేర్కొననివనీ, అమలు చేసేవారు చెప్పాల్సినవనీ విడదీసి చూపిస్తుంది. ఒకేసారి వేల కనెక్షన్ల మీద కన్నేసి ఉంచే పనికి లినక్స్‌లో ఈపోల్ ఉంది, బీఎస్‌డీల్లోనూ మ్యాక్‌లోనూ కేక్యూ ఉంది. రెండూ గట్టివే, రెండూ పోసిక్స్‌లో లేవు. పోసిక్స్‌లో ఉన్నది పోల్, అది అన్నిచోట్లా నడుస్తుంది గాని కనెక్షన్లు పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది. ఇలాంటి చోట ఆచారాన్ని వాడుకోవడం తప్పు కాదు, దాన్ని విధిగా చలామణీ చేయడమే తప్పు. ఈపోల్ పిలుపులన్నీ ఒక ఫైలులో, కేక్యూ పిలుపులన్నీ ఇంకో ఫైలులో, పోల్ మీద నడిచే రూపం మూడో ఫైలులో పెట్టి, ఏది ఏ వ్యవస్థ ఆచారమో ఫైలు తలపైనే రాస్తారు. మిగతా ప్రోగ్రాం మొత్తం ప్రకటించిన గ్రంథానికే కట్టుబడి ఉంటుంది. కొత్త వ్యవస్థ వస్తే పోల్ రూపం దాని మీద మొదటి రోజే నడుస్తుంది, ఆ వ్యవస్థకు సొంత ఆచారం ఏదైనా ఉంటే నాలుగో ఫైలు వచ్చి చేరుతుంది.